ఒకటే నెత్తురు, ఒకటే వాసన

నన్ను వెతకడానికి మా ఇంట్లో ఒక కుక్కకు చదువు చెప్పారు. నేనేమీ తప్పిపోలేదు. తప్పిపోతున్నది అవ్వ. మరి కుక్క నన్నెందుకు వెతకాలని అడిగితే బాపు ఒక జవాబు చెప్పాడు, చాచా ఇంకో జవాబు చెప్పాడు. ఆ రెండింట్లో ఏది నిజమో ఇంత వయసొచ్చినా నాకు తేలలేదు.

అవ్వ అంటే మా బాపు తల్లి, నా నాయనమ్మ. ఇంట్లో అందరికీ అవ్వే. నిజాం రాజ్యం నాటి మాట ఇది. ఇబ్రహీంపట్నంలో మా ఇల్లు చెరువు కట్టకు దగ్గర. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు జడ వేసినా, వీపు వాయగొట్టినా అన్నీ అవ్వే. నా నడక, నా ముక్కు, నా కోపం అచ్చం ఆమెవేనని ఊరంతా అనేది. ఆమె కూడా ఒప్పుకునేది.

"ఇది నా కడుపుల పుట్టాల్సింది. తొవ్వ తప్పి కోడలు కడుపుల పడ్డది" అనేది.

నా పెళ్ళయిన ఏడాది నుంచి అవ్వకు మతి నిలవడం మానేసింది. పొయ్యి మీద ఏం పెట్టిందో మరిచిపోయేది. తిన్నదో లేదో మరిచిపోయేది. అదంతా ఎట్లాగో సర్దుకునేవాళ్ళం. కానీ ఉన్నట్టుండి కర్ర పట్టుకుని బడంగ్‌పేట్ తొవ్వ పట్టేది. ఎటు పోతున్నవని ఎవరైనా అడిగితే "మా అవ్వగారింటికి" అనేది. ఆ ఇల్లు కూలి, ఆ మనుషులు పోయి ఎన్నేళ్ళయిందో. తొవ్వన పోయేవాళ్ళు ఎవరో ఒకరు బతిమాలి వెనక్కి తెచ్చేవాళ్ళు. ఒకసారి మాత్రం ఎవరూ ఎదురుపడలేదు. మోటబావి అంచున కూచుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, నీళ్ళలో తన నీడతో మాట్లాడుతుంటే బాపు చూశాడు. ఆ బావికి చుట్టూ ఒర గోడ లేదు. ఆ రోజు నుంచి బాపు ముద్ద సరిగా మింగలేదు.

దానికి తోడు నా సంగతి. దసరా పోయినాక నన్ను నాదర్‌గుల్‌కు, అత్తగారింటికి తోలతానని బాపు మాటిచ్చాడు. నేను పోతే పగలంతా అవ్వను చూసేదెవరు? బాపు పొద్దున పొలం పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. అవ్వను కట్టేయాలని ఒక చుట్టం సలహా ఇచ్చాడు. బాపు ఆ చుట్టాన్ని మళ్ళీ అరుగు ఎక్కనివ్వలేదు.

అప్పుడే చాచా ఒక మాట అన్నాడు. చాచా మా వెనక వాడలో ఉండే ముసలాయన. హైదరాబాదులో ఒక నవాబు దగ్గర షికారు కుక్కలను సాకి, ముసలితనాన చేతగాక ఊరికి వచ్చేశాడు. మనిషి నడిచిన జాడను వాసనతో పట్టి పోయే కుక్కను అక్కడ చూశాడట. కుక్కకు నేర్పిస్తే అవ్వ ఎటు పోయినా పట్టుకొస్తుందన్నాడు. బాపుకు అదే దేవుడి మాట అయింది. మా ఇంట్లో ఎర్ర కుక్క ఒకటి ఉండేది, బాపు వెంట కుందేళ్ళ వేటకు పోయేది. దాన్నే బడికి వేశారు.

"నీకు నేర్పుడు వస్తదా చాచా?" అని నేను ముఖానే అడిగాను.

"నాకు పూరా తెల్వదు బేటీ. దూరంకెళ్లి చూసిన. జర జర తెలుసు" అన్నాడు నవ్వుతూ.

మనిషి నడుస్తుంటే, చెట్టు నుంచి పూత రాలినట్టు ఒంటి నుంచి వాసన రాలుతుందట. అది మనకు తెలియదు, కుక్కకు తెలుస్తుంది. పొద్దున మంచు తడి మీద బాగా నిలుస్తుంది, ఎండెక్కితే ఎగిరిపోతుంది, పారే నీళ్ళ దగ్గర తెగిపోతుంది. ఎవరిని వెతకాలో వాళ్ళు కట్టి విడిచిన బట్టను కుక్కకు వాసన చూపించాలి. అక్కడే చిక్కు వచ్చింది.

తాత పోయాక అవ్వ ఒక గురువు దగ్గర ఉపదేశం తీసుకుంది. అప్పటి నుంచి ఆమె వంట వేరు, చెంబు వేరు, బట్టలు ఆరేసే దండెం వేరు. కుక్క ఆమె గడప తొక్కితే పేడతో అలికేది. అట్లాంటి మనిషి చీరను బాపు గుట్టుగా తెచ్చి కుక్క మూతికి చూపించి, మళ్ళీ మడిచి దండెం మీద పెట్టాడు. పొద్దున తిన్నదో లేదో గుర్తులేని మనిషికి ఆ సంగతి ఎట్లా తెలిసిందో! చీర ముట్టుకోగానే విసిరికొట్టింది. ఉన్న బట్టలన్నీ గోలెంలో తడిపి, తడిచీరతోనే కూచుని, ఆ పూట మెతుకు ముట్టలేదు. ఎంత బతిమాలినా వినలేదు. బాపు భయపడిపోయి, ఇంక అవ్వ బట్టల జోలికి పోనని చెంపలు వేసుకున్నాడు.

అప్పుడు బాపుకు ఆ ఆలోచన వచ్చింది.

"పిల్ల బట్ట చూపెడదాం. అవ్వది, పిల్లది ఒకటే నెత్తురు. నెత్తురు ఒకటైతె వాసన ఒకటే ఉంటది."

చాచా తల అడ్డంగా ఊపాడు. "నై పటేలా. హర్ ఆద్మీకి ఒక వాసన ఉంటది. అన్నది అన్నకే, తమ్మునిది తమ్మునికే."

"మరి ముక్కు ఒక తీరు ఎట్లొచ్చింది? నడక ఒక తీరు ఎట్లొచ్చింది? వాసన ఒక్కటే రాకుండ పోతదా?"

వేరే దారి లేదు. అట్లా నా పాత చీర కొంగు ముక్క చింపి, కుక్క చదువుకు పలక చేశారు.

మొదట్లో కుక్క కళ్ళ ముందే నేను పరిగెత్తి గడ్డివాము వెనక దాక్కోవాలి. చాచా కుక్క మెడకు ఎద్దు పగ్గం కట్టి పట్టుకుని, బట్ట ముక్క చూపించి, "ఢూండ్" అనేవాడు. అంటే వెతుకు అని. దొరికితే అది నా చేతికి మూతి ఆనించి కూచోవాలి. అప్పుడు నేను జొన్నరొట్టె ముక్క, ఎండు మాంసం తునక పెట్టాలి. మొదటి రోజు అది నన్ను వెతకకుండా రొట్టె మూట ఎక్కడుందో వెతికి, మొత్తం తినేసి పడుకుంది. బాపు దానికి తెలివి ఉందన్నాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

తర్వాత తర్వాత దూరం పెంచారు. ఆముదపు చేనులో, మోదుగు చెట్ల వెనక, ఎండిన కాలువలో దాక్కునేదాన్ని. నేను పోయాక రొట్టెలు కాల్చి కూర దించేంత సేపు ఆగి కుక్కను వదిలేవాళ్ళు. కలుపు తీసే ఆడవాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వు.

"అత్తగారింటికి పోవల్సిన పిల్ల ఆముదపు చేన్ల దాక్కుంటున్నదేందే! మొగడంటె గంత భయమా?"

నేను వాళ్ళకు తగిన జవాబే చెప్పేదాన్ని. అది రాయడం బాగుండదు.

చాచాకు ఇంకో పని ఎక్కువయింది. కుక్క ఎంగిలి తగిలిన బట్టలతో నమాజుకు నిలబడకూడదు. రోజూ పాఠం అయ్యాక స్నానం చేసి వేరే బట్టలు కట్టుకునేవాడు. అక్కడ చాచా నమాజు, ఇక్కడ అవ్వ మడి, మధ్యలో ఈ కుక్క. అది మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా నన్నొక్కదాన్నే పట్టించుకునేది. ఎక్కడ దాక్కున్నా వచ్చి నా చేతికి మూతి ఆనించేది. దానికి చదువు వచ్చిందని బాపు సంబరపడ్డాడు. నాకేమో, ఇది వాసన వెతకడం నేర్చిందా, ఉత్తగా నన్ను వెతకడం నేర్చిందా అని అనుమానం పట్టుకుంది. చాచాను అడిగితే "అల్లాకు తెలుసు" అన్నాడు.

ఈ తతంగమంతా అవ్వ అరుగు మీద కూచుని చూసేది. పొద్దున నేను కట్ట మీదుగా పోవడం, కాసేపయ్యాక కుక్క పోవడం, ఎండెక్కేసరికి ఇద్దరం కలిసి రావడం. కుక్కకు దూరంగా జరిగి కూచునేది. ఆమెకు ఏం అర్థమయిందో మేమెవరం అడగలేదు.

ఆ వారం పాఠం మత్తడి అవతల. చెరువు నిండి మత్తడి మీదుగా సన్నగా నీళ్ళు పొర్లుతున్నాయి. అది దాటితే రాళ్ళ గుట్ట, సీతాఫలం పొదలు. అక్కడ రెండు బండల సందున ఒక మనిషి కూచునే జాగా ఉంది. ఆ రోజు నేను పొద్దున్నే పోయి అక్కడ కూచున్నాను. కుక్క రాలేదు, చాచా రాలేదు. ఎండ ముఖాన కొట్టింది, ఆకలి దంచింది. పిల్ల ఒకతి బండల్లో కూచుందన్న సోయి కూడా లేదా వీళ్ళకు అని తిట్టుకుంటూ లేచాను. కట్ట వైపు పోకుండా, చుట్టు తిరిగి పోయే బండ్ల బాట మీద మా ఊరి ఎడ్లబండి వస్తుంటే ఎక్కేశాను. తర్వాత తెలిసింది, జల్‌పల్లిలో చాచా చుట్టం ఎవరో పోతే పొద్దుపొడవకముందే కబురొచ్చి పోయాడట. నాకు చెప్పే వ్యవధి లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి కుక్క గుంజకు కట్టేసే ఉంది. అరుగు మీద అవ్వ లేదు. కర్ర లేదు.

కేక వేశాను. పొలం నుంచి బాపు పరిగెత్తుకొచ్చాడు. వాడ మనుషులు కొందరు బడంగ్‌పేట్ తొవ్వన పోయారు, ఎప్పుడు పోయినా అవ్వ అటే కదా. ఇద్దరు మోటబావి దగ్గరికి పోయి, లోపలికి తొంగి చూసి, ఏమీ కనపడలేదని వచ్చి చెప్పారు. చెప్పినవాళ్ళు బావి లోతు కూడా చెప్పారు.

బాపుకు అప్పుడు కుక్క గుర్తొచ్చింది. ఇంక మడి ఎవరికి కావాలి? దండెం మీది చీర లాగి, కుక్క మూతికి చూపించి, "ఢూండ్" అన్నాడు. కుక్క ముక్కుపుటాలు ఎగరేసి వాసన పీల్చింది. ఒక చుట్టు తిరిగింది. నేరుగా నా దగ్గరికి వచ్చి చేతికి మూతి ఆనించి కూచుంది.

మళ్ళీ చూపించాడు. మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నన్ను ఇంట్లోకి పొమ్మని తలుపేస్తే, వచ్చి తలుపు గీకింది. బాపు పగ్గం నేలకేసి కొట్టి అక్కడే కూలబడ్డాడు. కుక్క తోక ఊపుతూ రొట్టె కోసం నా ముఖం చూస్తున్నది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గుమిగూడినవాళ్ళలో ఒకామె, మాకు వరసకు అత్త, నలుగురూ వినేట్టే అన్నది.

"కుక్క ఊకె ఎందుకు కూసుంటదే ఆమె కాడ? అత్తగారింటికి పోవుడు ఇష్టం లేక, ముసల్దాన్ని ఈ పిల్లనే ఎక్కడన్న కూసోబెట్టిందేమో అడుగుర్రి!"

ఆ మాటకు నేను అరవాలి. ఊళ్ళో నా నోటికి జడవనివాళ్ళు లేరు. కానీ అందరూ నా వైపు చూస్తుంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. నాకు తెలియకుండా నాకేమైనా తెలుసా? కుక్క నా చెయ్యి నాకుతుంటే ఆ చెయ్యి నాది కాదనిపించింది. బాపు మాత్రం తలెత్తి "దాన్నేమన్న అంటె మర్యాద దక్కది" అని, లేచి బడంగ్‌పేట్ తొవ్వన పోయినవాళ్ళ వెనక పరిగెత్తాడు.

అప్పుడు వచ్చాడు చాచా. చావింటి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, ఒంటి మీది మంచి బట్టల సంగతి కూడా చూడకుండా, పాఠం బట్ట ముక్కను అలవాటుగా నడుముకు చుట్టుకుని, కుక్క పగ్గం అందుకున్నాడు.

"నువ్వు నా ఎనక నిలబడు బేటీ. గాలి నీ దిక్కు రావాలె, నీకెళ్లి కుక్క దిక్కు పోవద్దు."

నిలబడ్డాను. చీర చూపించాడు. కుక్క ఈసారి నన్ను చూసి, ముక్కు నేలకు ఆనించి, అరుగు చుట్టూ తిరిగి, పగ్గం బిగుసుకునేట్టు లాగుతూ చెరువు కట్ట ఎక్కింది. అది పొద్దున నేను పోయిన తొవ్వ.

"చాచా, ఇవి నా అడుగులే. నేను నడిచిన జాడనే పట్టింది ఇది."

"హో సక్తా. అయ్యుండొచ్చు."

"మరెందుకు పోతున్నం?"

"కుక్క పోతున్నది గనక."

నాకు ఒళ్ళు మండింది. అటు ఊరంతా ఎండలో బావులు వెతుకుతున్నారు. ఇటు నన్ను వెతుకుతూ నేనే పోతున్నాను. పొద్దు వాలితే అవ్వ ఏ చేనులో పడి ఉంటుందో. "నేను బడంగ్‌పేట్ తొవ్వకు పోత" అని వెనక్కి తిరిగి నడిచాను. కుక్క ఆగింది. తల తిప్పి నన్ను చూసింది. ఒకవేళ అది వెతికేది నన్నే అయితే నా వెంట రావాలి కదా. రాలేదు. మళ్ళీ ముక్కు నేలకు ఆనించి ముందుకే లాగింది.

ఆ ఒక్క చూపు మీద బాపు, చాచా తర్వాత ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నారో లెక్కలేదు. అది చీర వాసన పట్టింది కాబట్టే పిల్లను వదిలి ముందుకు పోయిందని చాచా అన్నాడు. కాదు, ఒకటే నెత్తురు కాబట్టి పిల్లతో నేర్చుకున్నది అవ్వకు పనికొచ్చిందని బాపు అన్నాడు. నేను ఇద్దరినీ ఒప్పుకోలేదు. పాఠాలప్పుడు కూడా అది నా పాత అడుగుల మీద ఉంటే, నేను దూరం నుంచి పిలిచినా తిరిగి చూసేది కాదు. ఆ రోజు అది ఎవరి అడుగుల మీద ఉందో చెప్పడానికి దానికి నోరు లేదు.

ఏమనుకున్నానో తెలియదు, నేను మళ్ళీ దాని వెంటే నడిచాను. మత్తడి నీళ్ళ దగ్గర జాడ తెగి, కుక్క ఆ గట్టున అటూ ఇటూ తిరిగి అవతల మళ్ళీ పట్టుకుంది. సీతాఫలం పొదల్లో దూరింది. చాచా ముళ్ళల్లో చిక్కుకుని పగ్గం వదిలేశాడు. నేను పొదలు తప్పించుకుని బండల దగ్గరికి పోయేసరికి, పొద్దున నేను కూచున్న సందులో, నేను కూచున్నట్టే మోకాళ్ళు ముడుచుకుని అవ్వ కూచుని ఉంది. కుక్క ఆమె చేతికి మూతి ఆనించి కూచుంది.

అవ్వ ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో చేత్తో దాని తల నిమురుతున్నది. గడప తొక్కితే పేడతో అలికిన మనిషి. పెదాలు ఎండి పగిలిపోయాయి, గొంతు పిల్లి గొంతులా ఉంది.

"పిల్ల దొరికిందా?" అని కుక్కను అడిగింది.

నేను మోదుగాకులు దొప్ప కుట్టి మత్తడి నీళ్ళు తెచ్చి తాపాను. తాగింది. ఎవరి చేతి నీళ్ళని అడగలేదు.

"అవ్వా, నేనే" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నన్ను దాటుకుని పోయింది.

"నువ్వెవరివో బిడ్డా, మా పిల్లనేమన్న సూసినవా? పొద్దుగాల ఇటే పోయింది. రోజూ కుక్క పోయి తోలుకొస్తది. ఇయ్యాల కుక్కను కట్టేసే ఉంచిన్రు. కుక్క పోకపోతె పిల్ల ఎట్లొస్తది? ఒక్కనికన్న ఫికర్ లేదు ఇంట్ల. అందుకే నేనే వచ్చిన."

నేను ఏడ్చాను. ఊరంతా తప్పిపోయిన అవ్వను వెతుకుతుంటే, అవ్వ తప్పిపోయిన నన్ను వెతుకుతున్నది. ఇద్దరం ఒకే బండల మధ్య ఉన్నాం, ఎవరికీ ఎవరూ దొరకలేదు. ఇంటికి పోదాం లెమ్మని చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది. పిల్ల లేకుండా ఇంటికి రాదట. బతిమాలాను, కసిరాను, నేనే నీ పిల్లనని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరో ఊరి పిల్ల తనను మోసం చేస్తున్నదన్నట్టు చూసింది. పొద్దు గుట్ట మీదికి వాలుతున్నది.

చాచా దూరంగా నిలబడి అంతా విన్నాడు. నడుముకు చుట్టుకున్న నా చీర కొంగు ముక్క తీశాడు. నా వైపు చూసి, పొదల అవతలి పెద్ద బండ చూపించాడు.

ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా పోయి ఆ బండ వెనక దాక్కున్నాను. ముఖం కొంగులో దాచుకున్నాను. ఇదేం పిచ్చి, పొద్దు పోతుంటే ఈ ఆట ఏమిటని ఒక పక్క అనిపిస్తున్నా, ఇంకో పక్క కుక్క నన్ను పట్టలేకపోతే ఎట్లా అని భయం వేసింది. చాచా గొంతు వినిపించింది, "ఢూండ్". ఎండుటాకులు గలగలమన్నాయి. తడి మూతి నా చేతికి తగిలింది. దాని మెడ పట్టుకుని బయటికి వచ్చాను.

అవ్వ లేచి నిలబడి ఉంది. ఈసారి ఆ చూపు నా మీదే ఆగింది. కర్ర పారేసి, గబగబా వచ్చి, వీపు మీద ఒక్కటి ఇచ్చింది. ఆ దెబ్బ నాకు బాగా తెలుసు.

"ఏడ సచ్చినవే! పొద్దుగాల్నుంచి దేవులాడుతున్న. నా పానం పోయింది గదనే!"

ఆ యేడు దసరా పోయినా నేను నాదర్‌గుల్ పోలేదు. అవ్వ ఉన్నన్నాళ్ళూ పోలేదు. అత్తగారు నోటికొచ్చినన్ని మాటలన్నారు, పడ్డాను. ఆ సాయంత్రం మాత్రం చాచా ముందు, కుక్క మధ్యన, మేమిద్దరం వెనక, కట్ట మీదుగా ఇంటికి వచ్చాం. నేను మళ్ళీ ఎక్కడ తప్పిపోతానో అని, అవ్వ నా చెయ్యి ఇల్లు చేరేదాకా వదలలేదు.